పత్తి ఆకు ఎర్రబడటం తెగులు కాదు, వానపాములు కొనే పనీ లేదు

ప్రశ్న: నాలుగెకరాల ఎర్రచల్కలో పత్తి వేశాను. 90 రోజుల పంట, కాయ మీద ఉంది. కింది ఆకులు ఎర్రబడుతున్నాయి. షాపులో తెగులని చెప్పి మూడు మందులు కలిపి కొట్టమన్నారు. 60 రోజులప్పుడు ఎకరాకు ఒక బస్తా డీఏపీ (భాస్వరం ఎక్కువగా ఉండే ఎరువు) పైపాటుగా వేశాను. వ్యవసాయ కళాశాల విద్యార్థులు మా ఊళ్లో ఉండి మట్టి పరీక్ష చేయించారు. సేంద్రియ కర్బనం 0.28 శాతం, భాస్వరం హెక్టారుకు 84 కిలోలు, జింకు 0.42 పీపీఎం వచ్చాయి. పురుగుల లెక్కకు చేలో ప్లాస్టిక్ గ్లాసులు పాతారు. గుంట తవ్వితే చేలో ఒక్క వానపాము లేదు, గట్టు మీద కానుగ చెట్టు కింద మాత్రం పదకొండు ఉన్నాయి. ఏ మందు కొట్టాలి? వానపాములు ఎక్కడ దొరుకుతాయి?
– రైతు, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: ఏ మందూ కొట్టకండి. మీరు పంపిన ఫొటోలో ఈనెలు పచ్చగానే ఉన్నాయి, ఈనెల మధ్య భాగమే ఎర్రబడింది. అది తెగులు కాదు, మెగ్నీషియం లోపం. మట్టి పరీక్ష కార్డులో మెగ్నీషియం లెక్క ఉండదు, ఆకును చూసే పోల్చుకోవాలి. మెగ్నీషియం సల్ఫేట్ లీటరు నీటికి 10 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. నేలలో పదును ఉన్నప్పుడు, ఎండ తగ్గాక కొట్టాలి. ఎర్రబడ్డ ఆకు మళ్లీ పచ్చబడదు. పైన వచ్చే ఆకులు ఎర్రబడకుండా ఉంటే లోపం తగ్గినట్టే.

ఒక్క అనుమానం మాత్రం తీర్చుకోండి. ఆకు అంచులు ముందు పసుపెక్కి, తర్వాత ఎర్రబడి, కిందికి ముడుచుకుంటే అది ఆకు రసం పీల్చే పచ్చదోమ పని. 20 మొక్కల్లో పైన, మధ్యన, కింద ఒక్కో ఆకు తిప్పి చూడండి. ఆకుకు సగటున రెండు పిల్లపురుగులు దాటితేనే ఫ్లోనికామిడ్ మందు లీటరుకు 0.3 గ్రాములు కొట్టండి, అదీ ఒక్కటే. లేకుంటే వద్దు.

ఇక డీఏపీ. భాస్వరం హెక్టారుకు 56 కిలోలు దాటితేనే ఎక్కువ కింద లెక్క, మీ చేలో 84 ఉంది. అది జింకును మొక్కకు అందనివ్వదు. జింకు 0.6 పీపీఎం కంటే తక్కువ ఉంటే లోపమే, మీకు 0.42 ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. పైగా భాస్వరం నేలలో వేసినచోటే ఉండిపోతుంది. పైపాటుగా చల్లింది వేరుదాకా దిగదు, ఆ బస్తా డబ్బు వృథా అయినట్టే. పైపాటుకు డీఏపీ ఇచ్చే షాపువాళ్లు మీ కార్డు అడిగి చూశారా? ఇప్పుడు జింకు సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు విడిగా కొట్టండి, పురుగు మందుల్లో కలపవద్దు. వచ్చే వానాకాలం దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయండి. భాస్వరం ఎరువు కనీసం మూడు రోజులు ఆగి, విత్తేటప్పుడే వేయాలి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ మామూలుగా ఎకరాకు 150 కిలోలు, మీకు 100 చాలు. విత్తిన 20, 40, 60, 80 రోజులకు ఎకరాకు యూరియా 25 కిలోలు, పొటాష్ 10 కిలోలు. అంతే.

వానపాముల్ని కొనకండి. అమ్మేవి కంపోస్టు తొట్లలో, పెంటలో బతికే రకం, చల్కలో వదిలితే చచ్చిపోతాయి. విద్యార్థులు చేసిన పని మంచిది, కానీ వాన లేని రోజుల్లో తవ్వితే వానపాములు లోతుకు దిగి ఉంటాయి, సున్నా రావడంలో వింత లేదు. మంచి వాన పడ్డ నాలుగైదు రోజులకు మళ్లీ తవ్వమనండి. కానుగ కింద పదకొండు ఉన్నాయంటే అవి మీ గట్టు మీదే బతుకుతున్నాయి. అక్కడ రాలిన ఆకు ఉంది, నీడ ఉంది, చేలో తిండి లేదు. 0.28 కర్బనం చెప్పేది అదే, 0.5 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. పత్తి కట్టెను తగలబెట్టకుండా ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి దున్నించండి. వేసవిలో ఎకరాకు 4 టన్నుల మాగిన పెంట ఎరువు వేయండి. చెరువు పూడిక మట్టి దొరికితే చల్కకు మరీ మంచిది, వాన తగ్గినా తొందరగా ఆరనివ్వదు.

ఆ గ్లాసుల్లో పడ్డ సాలీళ్లు, నేల మీద తిరిగే పెంకు పురుగుల లెక్కను కూడా అడిగి తీసుకోండి. పంటను తినే పురుగుల్ని అవి తింటాయి. అవి తక్కువుంటే కారణం మీ మందు పంపులోనే ఉంది. బీటీ విత్తనానికి మందు పట్టించే వస్తుంది, మొదటి నెల రసం పీల్చే పురుగులకు విడిగా కొట్టనవసరం లేదు. ఆ నెలలో కొట్టేది ముందు చంపేది అక్షింతల పురుగుల్నే. తర్వాత పచ్చదోమను తినేవి లేక మళ్లీ షాపుకే పోవాలి. వచ్చే ఏడు చేను చుట్టూ మూడు సాళ్లు జొన్న, పత్తి మధ్య అక్కడక్కడా బొబ్బర్లు వేయండి, మిత్రపురుగులు నిలుస్తాయి. పురుగు మొదలవుతోందనిపిస్తే ముందు 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మి.లీ. కొట్టి చూడండి.

గుంటలు తవ్వినచోట, గ్లాసులు పాతినచోట కొయ్యలు కొట్టి గుర్తు పెట్టండి. వచ్చే ఏడు వచ్చే విద్యార్థులు అక్కడే, అదే నెలలో తవ్వాలి. చోటు మారినా కాలం మారినా ఈ ఏటి లెక్కతో పోల్చలేరు.