ఆదేశిక సూత్రాలు కోర్టులో చెల్లవంటే మనకేం ఉపయోగం?

"ఆదేశిక సూత్రాల కోసం కోర్టుకు వెళ్లే వీల్లేదంటారు కదా, మరి వాటిని రాజ్యాంగంలో ఎందుకు పెట్టినట్టు?" అని మీరు అడిగారు. ఆదేశిక సూత్రాలంటే ప్రభుత్వాలు ఏం చేయాలో రాజ్యాంగం చెప్పిన మార్గదర్శకాలు.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే రోజుల్లో నేనూ 36 నుంచి 51 దాకా అధికరణలు బట్టీ పట్టినవాణ్ణే. నాలుగో భాగం, ఐర్లాండ్ నుంచి తీసుకున్నాం, 37 ప్రకారం కోర్టులు అమలు చేయించలేవు. బిట్ పేపర్‌కి ఇంతే చాలు. కానీ అదే 37లో, పరిపాలనకు ఇవే మూలాధారం, చట్టాలు చేసేటప్పుడు వీటిని పాటించడం రాజ్యం విధి అని కూడా ఉంది. ఆ ముక్క ఎవరికీ పట్టదు.

నా అనుభవంలో తేలిందేమిటంటే, సూత్రంగా ఉన్నంతకాలం మనం అడగలేం గానీ, అది చట్టంగా మారాక గట్టిగా అడగొచ్చు. అర్జీలో రాయాల్సింది ఆ చట్టం పేరే.

సైదాబాద్‌లో మా పక్క పోర్షన్‌లో ఒక అక్క బ్లౌజులు కుట్టి ఇల్లు నడిపేది. భర్త వదిలేసి పోయాక మనోవర్తి కేసు వేద్దామనుకుంది. ఒక వకీలు ముందే అడిగిన ఫీజు విని, ఇక మనవల్ల కాదనేసింది. నాకు 39ఎ గుర్తొచ్చింది. డబ్బు లేనంత మాత్రాన ఎవరికీ న్యాయం దూరం కాకూడదని, ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1976లో 42వ సవరణతో చేర్చిన సూత్రం అది. దాన్ని పట్టుకునే 1987లో న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చేశారు, 1995 నవంబరులో అమల్లోకి వచ్చింది.

ఇద్దరం హైదరాబాద్ పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో ఉన్న న్యాయ సేవల సంస్థకు వెళ్లాం. బయట జిరాక్స్ షాపు దగ్గర ఒకాయన ఆపి, "ఇన్‌కమ్ సర్టిఫికెట్ లేకుండా లోపలికి పోయి ఏం చేస్తరు? కావాలంటే నేనే ఇప్పిస్తా" అన్నాడు. అక్క అప్పుడే ఆటో కోసం చూడటం మొదలుపెట్టింది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనే లేదు. లోపల తెల్లకాగితం మీద రాసిచ్చిన దరఖాస్తు చూసి, "ఆడవాళ్లకు ఇన్‌కమ్ అక్కర్లేదమ్మా" అంటూ తీసుకున్నారు. ప్యానెల్ లాయర్‌ని, అంటే వాళ్ల జాబితాలో ఉన్న లాయర్‌ని ఇచ్చారు, అక్క ఫీజు పైసా కట్టలేదు. వాయిదాలంటారా, అవి మామూలే. లాయర్ ఉచితమని కోర్టు తొందరపడదు కదా! ఆలస్యంగానైనా నెలనెలా ఇంత ఇవ్వాలని ఆర్డరు వచ్చింది.

చదువుదీ ఇదే దారి, కాకపోతే అక్కడ కోర్టే ముందు కదిలింది. 45వ అధికరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఉచిత విద్య అంది. దాన్ని జీవించే హక్కు ఇచ్చే 21తో కలిపి చదివి, 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు అది ప్రాథమిక హక్కేనంది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో చదువును హక్కుగా రాస్తూ 21ఎ చేరింది, విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది.

అన్నీ ఇలా నిలబడవు. మత్తు పానీయాలను నిషేధించే ప్రయత్నం చేయాలని 47 చెబుతుంది. మన దగ్గర 1995లో మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. 47 చూపించి దాన్ని తిరిగి పెట్టించే దారి లేదు. ఇక్కడ మీ అనుమానం నూటికి నూరుపాళ్లు నిజం, పని చేసేది ఓటు, ఉద్యమమే. 43లో ఉన్న జీవన వేతనం మాట కూడా అంతే, చట్టం ఇచ్చేది కనీస వేతనం దాకానే.

మీకు న్యాయ సహాయమే కావాల్సి ఉంటే 15100కి ఫోన్ చేయండి. ఊళ్లలో ఉండేవాళ్లు పురానీ హవేలీ దాకా రానక్కర్లేదు, దగ్గర్లోని కోర్టులోనే మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. బయట ఎవరైనా సర్టిఫికెట్ ఇప్పిస్తానంటే మాత్రం ముందు లోపలికి వెళ్లి కనుక్కోండి.