చెక్క మీద కాగితం పెట్టి రుద్దు, తర్వాత రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ మీద నీ వ్యాసం చదివాను. భాష శుభ్రంగా ఉంది. ‘ఏ చదువూ లేని సహజ ప్రతిభ, అంతరంగపు లోతుల్లోంచి ఉబికిన కలలు’ అన్న వాక్యం దగ్గర మాత్రం కోపం వచ్చింది. చిత్రకళాశాలకు వెళ్లలేదన్నది నిజమే. కానీ బాన్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, కళాచరిత్ర, మనస్తత్వశాస్త్రం చదివాడు. బధిర పిల్లలకు పాఠాలు చెప్పే ఆయన తండ్రి కూడా ఇంట్లో బొమ్మలు వేసేవాడు. సొంతంగా నేర్చుకోవడమంటే వస్తువుతో కుస్తీ పట్టడం. ఆ కుస్తీ నీ వ్యాసంలో ఒక్క పేరాలోనూ లేదు.

తప్పంతా నీది కాదులే. సర్రియలిజం, అంటే ఎర్న్‌స్ట్ నడిచిన ఆ కళా ఉద్యమం, అనగానే కల, సుప్తచేతన అని రాసి పక్కన ఒక రంగుల బొమ్మ వేస్తే చాలనుకునే సంపాదకులు మనకు చాలామందే ఉన్నారు. రంగు, గుడ్డ, కత్తి గురించిన పేరాలనే వాళ్లు ముందు కోసేస్తారు. కోస్తే కొయ్యనీ, నువ్వు రాయి.

1925లో ఫ్రాన్స్‌లోని పోర్నిక్ అనే సముద్రతీరపు ఊళ్లో, సత్రంలో అరిగిన నేలచెక్కల మీద కాగితాలు పరిచి పెన్సిల్‌తో రుద్దానని ఎర్న్‌స్ట్ చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది అలాంటి 34 బొమ్మలు అచ్చువేశాడు. నువ్వూ చేసి చూడు. చిత్రిక పట్టిన చెక్క, సన్‌మైకా పనికిరావు. పాత చెక్క పలకను గీతల వెంబడే ఇనుప తీగల బ్రష్‌తో తోము. మెత్తని భాగం అరిగి గట్టి గీతలు పైకి లేస్తాయి. 70–80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉన్న పలుచని కాగితం చాలు. మందపాటి డ్రాయింగ్ షీటు వేస్తే గీతలు తేలవు. కాగితం జరిగితే నీడ రెండుగా పడుతుంది కాబట్టి నాలుగు మూలలా టేపు అంటించు. మెత్తగా, నల్లగా గీసే 6బి పెన్సిల్ మొనను పక్కకు పడుకోబెట్టి రుద్దాలి. గట్టిగా ఉండే హెచ్‌బీ పెన్సిల్ మొనతో రుద్దితే చెక్క గీతలకు బదులు నీ చేతి గీతలే కనిపిస్తాయి.

అసలు ఆట ఆ తర్వాతే. కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూడు. ఎక్కడో ఒకచోట రెక్క కనిపిస్తుంది. అక్కడ చిన్న గుండ్రని కన్ను పెడితే చెక్క గీతలే ఈకలవుతాయి. ముక్కు, గోళ్లు, కొమ్మ అన్నీ గీసేస్తే చూసేవాడు వెతుక్కోవడానికి ఏమీ మిగలదు.

నూనె రంగులో ఇదే పని కష్టం. అడుగు రంగు పూర్తిగా ఆరాలి. పైన ఇంకో రంగు పూసి, అది పచ్చిగా ఉండగానే కాన్వాస్ గుడ్డ కింద తాడో జల్లెడో పెట్టి, రంగులు కలిపే పాలెట్ కత్తితో గీకాలి. ఎత్తుగా లేచినచోట పై రంగు ఊడి అడుగుది బయటపడుతుంది. అడుగు పొర ఆరకపోతే రెండూ కలిసి బురదవుతాయి. ఫ్రేముకు బిగించిన కాన్వాస్ అయితే చెక్కపట్టీ అంచు కూడా బొమ్మలో అడ్డగీతై కూర్చుంటుంది. ఎర్న్‌స్ట్ వేసిన అడవుల బొమ్మలు చాలావరకు ఈ పద్ధతిలో చేసినవే.

ఆయన 1921లో వేసిన ‘సెలెబిస్ ఏనుగు’ బొమ్మలో నీకు యుద్ధభయం ఒక్కటే కనిపించింది. ఆ భయం ఉంది, కాదనను. కానీ ఆ పొట్ట సూడాన్‌లో ధాన్యం దాచే గాదె ఫొటో నుంచి తెచ్చింది. పేరేమో జర్మన్ బడిపిల్లల అల్లరి పాటలోది. గాదెకు తొండం తగిలించిన ఆ చిలిపితనం వదిలేసి భయం గురించే రాస్తే సగం బొమ్మే చూసినట్టు.

ఏ పత్రికకు పంపాలో తర్వాత మాట్లాడుకుందాం. తిరగరాసిన ప్రతితో పాటు నువ్వు రుద్దిన కాగితాలూ పంపు, చెడిపోయినవి కూడా. ఒక్కోదాని వెనక ఏ వస్తువు మీద రుద్దావో, ఏ పెన్సిలో రాసిపెట్టు.