సమాధానం: రెండో స్కజీ (SCSI) డిస్కు తగిలిస్తే పాత 486 కంప్యూటర్ ఆగిపోతోంది

అన్నా, ఒక డిస్కుతో నడిచే మెషీను రెండోది పెట్టగానే బూట్ కావట్లేదంటే డిస్కు పోయిందని కంగారు పడకండి. ఎక్కువగా అది టెర్మినేషన్ (కేబుల్ కొసల్లో సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపడం) గొడవే. స్కజీలో, అంటే ఒకే కేబుల్ మీద చాలా డిస్కులు తగిలించే పద్ధతిలో, టెర్మినేటర్ కేబుల్ రెండు కొసల్లోనే ఉండాలి: ఇటు స్కజీ కార్డు, అటు చివరి డిస్కు. మీ మధ్య డిస్కు బోర్డు మీద, 50 పిన్నుల కనెక్టర్ దగ్గర దువ్వెన పళ్లలా కాళ్లున్న రెసిస్టర్ ప్యాక్‌లు ఉన్నాయేమో చూడండి. పవర్ తీసేసి, రెండు పక్కలా కొద్దికొద్దిగా లేపుతూ పీకండి. ప్యాక్ మీది చుక్క ఎటుందో ముందే ఫోటో తీసుకోండి. పారేయొద్దు, మళ్లీ దొరకడం కష్టం. కొన్ని డిస్కులకు వీటి బదులు జంపర్ (పిన్నుల మీద తొడిగే చిన్న క్లిప్పు) ఉంటుంది.

డిస్కుల ఐడీలు (కేబుల్ మీద ఒక్కోదాని నంబరు) వేరువేరుగా పెట్టండి, 7 మామూలుగా కార్డుది. చివరి కనెక్టర్ ఖాళీగా వేలాడకూడదు. అయినా మొండికేస్తే కేబుల్ మార్చాలి. బెజవాడలో నా దగ్గర ఒకటి అదనంగా ఉంది, గుంటూరు నుంచి ఎప్పుడొచ్చినా పట్టుకెళ్లండి.