బైపీసీ నుంచి బీఫార్మసీకి వచ్చినవాళ్లు మూడు వారాల్లో కాలిక్యులస్ సొంతంగా నేర్చుకోగలరా?

అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంటర్‌లో బైపీసీ. ఇప్పుడు బీఫార్మసీ మొదటి సెమిస్టర్. రెమెడియల్ మ్యాథమేటిక్స్ పరీక్షకు మూడు వారాలుంది. అనాటమీ, ఇనార్గానిక్, ఫార్మాస్యూటిక్స్, అనాలిసిస్ చదువుతూ దీనికి రోజుకు రెండు గంటలకు మించి ఇవ్వలేరు. ట్యూషన్ లేకుండా వస్తుందా?

వస్తుంది. ఫార్మసీ కౌన్సిల్ సిలబస్ ఈ సబ్జెక్టు మొత్తానికి కేటాయించిందే 30 గంటలు: ఐదు యూనిట్లు, ఒక్కోదానికి ఆరు గంటలు. మీ చేతిలో 40 గంటలున్నాయి. అయితే సిలబస్‌లో ఉన్న వరసలో చదివితే దెబ్బతింటారు. పార్షియల్ ఫ్రాక్షన్స్ (ఒక పెద్ద భిన్నాన్ని చిన్న భిన్నాల మొత్తంగా విడగొట్టడం) మొదటి యూనిట్‌లో ఉంటాయి, వాటితో అసలు పని పడేది నాలుగో యూనిట్ ఇంటిగ్రేషన్‌లో, ఐదో యూనిట్ లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్‌లో. అక్కడికి చేరేసరికి అవి గుర్తుండవు.

బైపీసీ పిల్లల పేపర్లలో మార్కులు ఎక్కువగా పోయేది కాలిక్యులస్ రాక కాదు, దాని కింద ఉన్న ఆల్జీబ్రా తప్పి. అందుకని మొదటి రెండు రోజులు కాలిక్యులస్ జోలికి వెళ్లకండి. ఘాతాంకాలు, లాగ్‌లు, భిన్నాలు మాత్రమే చేయండి. (ఇక్కడ ఫార్ములాలు నోటితో పలికినట్టే రాస్తున్నాను. మీరు కాగితం మీద గుర్తులతో రాసుకుంటూ చదవండి.) ఒకటి బై ఎక్స్ స్క్వేర్ కనబడగానే ఎక్స్ పవర్ మైనస్ 2 అని, రూట్ ఎక్స్ కనబడగానే ఎక్స్ పవర్ సగం అని చెయ్యి దానంతటదే రాయాలి. లాగ్‌లో గుణకారం కూడికగా, భాగహారం తీసివేతగా మారుతుంది, ఘాతం ముందుకొస్తుంది. లాగ్ ఆఫ్ ఏ ప్లస్ బి ని మాత్రం విడగొట్టే సూత్రమేదీ లేదు. అది లాగ్ ఏ ప్లస్ లాగ్ బి అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఎక్స్ ప్లస్ 3 బై ఎక్స్‌లో పైనా కిందా ఎక్స్‌లు కొట్టేయడం ఇంకో అలవాటు. కూడికలో ఉన్న ముక్కను కొట్టేయకూడదు, గుణకారంలో ఉన్నదాన్నే కొట్టేయాలి. తెలంగాణ పదో తరగతి లెక్కల పుస్తకంలో వాస్తవ సంఖ్యల చాప్టర్‌లోనే లాగరిథమ్స్ ఉన్నాయి, అది తిరగేస్తే చాలు. ఇలాంటి చిన్న లెక్కలు 20 పెట్టుకుని 16 సరిగ్గా వచ్చేదాకా ముందుకు కదలకండి.

పుస్తకం సంగతి. ఎంపీసీ చదివిన సీనియర్ ఎవరి దగ్గరైనా తెలుగు అకాడమీ వాళ్ల పాత ఇంటర్ 1బి, 2ఎ, 2బి తీసుకోండి. లిమిట్స్, డిఫరెన్షియేషన్ 1బి లో, పార్షియల్ ఫ్రాక్షన్స్ 2ఎ లో, ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ 2బి లో దొరుకుతాయి. అన్నీ చదవక్కర్లేదు. హైపర్‌బోలిక్ ఫంక్షన్లు, రిడక్షన్ ఫార్ములాలు, వృత్తాలు, పరావలయాలు మీ సిలబస్‌లో లేవు. ఎక్సర్‌సైజుల్లో మొదటి రెండు భాగాలు చేయండి, మూడో భాగం ఎంట్రన్స్‌లకు చదివేవాళ్లకు వదిలేయండి.

లిమిట్స్‌కు ఒక్క రోజు చాలు. రెండు ఫలితాలే కీలకం. ఎక్స్ పవర్ ఎన్ మైనస్ ఏ పవర్ ఎన్, కింద ఎక్స్ మైనస్ ఏ: జవాబు ఎన్ ఇంటూ ఏ పవర్ ఎన్ మైనస్ 1. ఉదాహరణకు ఎక్స్ క్యూబ్ మైనస్ 8 బై ఎక్స్ మైనస్ 2, ఎక్స్ 2 కి చేరుతుంటే 3 ఇంటూ 4, అంటే 12. రెండోది సైన్ తీటా బై తీటా, తీటా సున్నాకు చేరుతుంటే 1. దీన్ని కాలిక్యులేటర్‌లో 0.01 వేసి చూస్తే కొందరికి 0.01745 వస్తుంది. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందన్నమాట, రేడియన్లకు మార్చండి. లిమిట్‌కు ఇచ్చే ఎప్సిలాన్-డెల్టా నిర్వచనంతో మాత్రం మొదలుపెట్టొద్దు. పరీక్షకు రెండు రోజుల ముందు రెండు వాక్యాలుగా కంఠస్థం చేస్తే సరిపోతుంది.

డిఫరెన్షియేషన్‌కు నాలుగు రోజులు. సూత్రాలు పదికి మించవు, వాటితో ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండదు. ఎక్కడ ఏ రూల్ వాడాలన్నదే చిక్కు. దానికి ఒక పద్ధతి: ఎక్స్ బదులు 2 వేసి విలువ కట్టమంటే చిట్టచివర చేసే పని ఏమిటో చూడండి. ఎక్స్ స్క్వేర్ ఇంటూ ఈ పవర్ ఎక్స్‌లో చివర చేసేది గుణకారం, కాబట్టి ప్రాడక్ట్ రూల్. సైన్ ఆఫ్ 3 ఎక్స్ స్క్వేర్‌లో చివర చేసేది సైన్ తీయడం, కాబట్టి ముందు సైన్‌ను డిఫరెన్షియేట్ చేసి, లోపలి దాని డెరివేటివ్‌తో గుణించాలి: కాస్ ఆఫ్ 3 ఎక్స్ స్క్వేర్ ఇంటూ 6 ఎక్స్. ఇదే చైన్ రూల్. నోట్సులో దానికి విడిగా హెడింగ్ లేకపోయినా అది లేనిదే అడుగు ముందుకు పడదు.

ఇక్కడ పదేపదే దొర్లే తప్పు: ఈ పవర్ 3 ఎక్స్‌కు 3 ఎక్స్ ఇంటూ ఈ పవర్ 3 ఎక్స్ మైనస్ 1 అని రాయడం. ఘాతాన్ని ముందుకు దించి ఒకటి తగ్గించే రూల్, ఎక్స్ కింద ఉండి సంఖ్య పైన ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఎక్స్ పైకి ఎక్కిందంటే అది వేరే జాతి, జవాబు 3 ఈ పవర్ 3 ఎక్స్. భాగహారానికి వాడే కోషంట్ రూల్‌లో పైన రెండు ముక్కల వరస తారుమారైతే జవాబు గుర్తు మారిపోతుంది. అనుమానం వస్తే పుస్తకం వెనక్కి తిప్పకుండా కాలిక్యులేటర్‌తోనే తేల్చుకోవచ్చు. ఎక్స్ బై ఎక్స్ ప్లస్ 1 కి మీ జవాబు ఒకటి బై ఎక్స్ ప్లస్ 1 హోల్ స్క్వేర్ అనుకోండి. ఎక్స్ 2 దగ్గర అది 1 బై 9, అంటే 0.111. ఇప్పుడు అసలు ఫంక్షన్ విలువ 2.001 దగ్గర, 2 దగ్గర కట్టి, తేడాను 0.001 తో భాగించండి. 0.111 వస్తే మీరు రైటు.

మాక్సిమా, మినిమా లెక్క ఒకటి పూర్తిగా చేసి పెట్టుకోండి, పరీక్షలో వచ్చేవి దాదాపు ఆ అచ్చులోనే ఉంటాయి. ఎక్స్ క్యూబ్ మైనస్ 6 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 ఎక్స్ ప్లస్ 2. మొదటి డెరివేటివ్ సున్నా చేస్తే ఎక్స్ 1, 3. రెండో డెరివేటివ్ 6 ఎక్స్ మైనస్ 12. అది 1 దగ్గర మైనస్ 6, కాబట్టి అక్కడ గరిష్ఠం, విలువ 6. 3 దగ్గర ప్లస్ 6, కాబట్టి కనిష్ఠం, విలువ 2. గరిష్ఠ విలువ ఎంత అని అడిగితే ‘ఎక్స్ ఈక్వల్ టు 1’ అని రాసి వచ్చేస్తారు చాలామంది. అడిగింది 6.

తర్వాత ఒక రోజు పార్షియల్ ఫ్రాక్షన్స్. 3 ఎక్స్ ప్లస్ 5, కింద ఎక్స్ మైనస్ 1 ఇంటూ ఎక్స్ ప్లస్ 3. ఎక్స్ మైనస్ 1 ని వేలితో మూసి మిగిలిన దాంట్లో 1 వేయండి: 8 బై 4, అంటే 2. ఎక్స్ ప్లస్ 3 ని మూసి మైనస్ 3 వేయండి: మైనస్ 4 బై మైనస్ 4, అంటే 1. అంతే, 2 బై ఎక్స్ మైనస్ 1 ప్లస్ 1 బై ఎక్స్ ప్లస్ 3. ఎక్స్ సున్నా వేసి రెండు వైపులా సరిచూసుకోండి, రెండూ మైనస్ 5 బై 3 రావాలి. రెండు చోట్ల జాగ్రత్త పడాలి. పైన ఘాతం కింది దానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే ముందు భాగహారం చేయాలి. కింద ఎక్స్ మైనస్ 1 హోల్ స్క్వేర్ లాంటిది ఉంటే దానికి రెండు ముక్కలు రాయాలి, ఒకటి మామూలుది, ఒకటి స్క్వేర్‌ది.

ఇంటిగ్రేషన్‌కు ఐదు రోజులు ఇవ్వండి. సగంమంది ఇక్కడే చేతులెత్తేస్తారు. కారణం తేలికే: డిఫరెన్షియేషన్‌లో ఏం చేయాలో లెక్కే చెబుతుంది, ఇంటిగ్రేషన్‌లో చూసి పోల్చుకోవాలి. ఆ చూపు ఒకే రకం లెక్కలు ముప్పై చేస్తే రాదు. సబ్‌స్టిట్యూషన్ ఎక్సర్‌సైజులో ఉన్న లెక్కకు సబ్‌స్టిట్యూషన్ వాడాలని హెడింగే చెప్పేస్తుంది, పరీక్షలో ఆ హెడింగ్ ఉండదు. అందుకే మూడో రోజు నుంచి వేర్వేరు ఎక్సర్‌సైజుల్లోంచి లెక్కలు ఏరి కలిపేసి, చేయకుండా పద్ధతి పేరు మాత్రం పక్కన రాయండి. పదిహేను నిమిషాల్లో పాతిక లెక్కలు ఇలా చూడొచ్చు. తర్వాత వాటిలో ఏ ఆరో ఎంచుకుని పూర్తిగా చేయండి.

చూసే వరస ఇలా ఉండాలి. సూటిగా సూత్రం పడుతుందా? పడకపోతే, ఒక ముక్క డెరివేటివ్ పక్కనే కూర్చుని ఉందా? ఉంటే సబ్‌స్టిట్యూషన్. లేకపోతే కింద కారణాంకాలుగా విడిపోతుందా? విడిపోతే పార్షియల్ ఫ్రాక్షన్స్. ఇవేవీ కాక రెండు వేరు జాతుల ఫంక్షన్లు గుణకారంలో ఉంటే బై పార్ట్స్, మొదటిది ఏదన్నది ‘ఐలేట్’ వరసలో (ఇన్వర్స్ ట్రిగ్, లాగ్, ఆల్జీబ్రా, ట్రిగ్, ఎక్స్‌పొనెన్షియల్). మూడు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్: ఎక్స్ స్క్వేర్ డెరివేటివ్‌లో ఉండే ఎక్స్ బయటే ఉంది, సబ్‌స్టిట్యూషన్‌తో సగం ఈ పవర్ ఎక్స్ స్క్వేర్. ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్: బై పార్ట్స్, బ్రాకెట్‌లో ఎక్స్ మైనస్ 1, దానికి ఇంటూ ఈ పవర్ ఎక్స్. ఈ పవర్ ఎక్స్ స్క్వేర్ ఒక్కటే ఉంటే మీకు తెలిసిన ఫంక్షన్లతో దానికి జవాబే రాదు, దాని మీద గంట పోగొట్టుకోకండి.

డెఫినిట్ ఇంటిగ్రల్‌లో టీ అని సబ్‌స్టిట్యూట్ చేసినప్పుడు హద్దులు కూడా మారాలి. పై మొదటి లెక్క 0 నుంచి 2 వరకైతే, టీ కి హద్దులు 0 నుంచి 4. ఇది మరిచి పాత హద్దులు వేస్తే అన్ని స్టెప్పులూ సరిగ్గా ఉండి జవాబు తప్పుతుంది. ఇండెఫినిట్‌లో ప్లస్ సి రాయకపోతే మార్కు కోసే వాళ్లున్నారు. ఏ జవాబైనా డిఫరెన్షియేట్ చేసి వెనక్కి వస్తుందో లేదో చూడండి, అర నిమిషం పని. మీ జవాబు పుస్తకంలోని దానికి, యాప్‌లోని దానికి వేరుగా కనబడినంత మాత్రాన తప్పనుకోవద్దు. సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌కు సగం సైన్ స్క్వేర్ ఎక్స్ అని రాసినా, మైనస్ సగం కాస్ స్క్వేర్ ఎక్స్ అని రాసినా రెండూ సరైనవే, తేడా ఒక స్థిరాంకం. యాప్ వాడడం తప్పు కాదు, మీ జవాబు రాశాకే తెరవండి.

డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో మీ కోర్సుకు ప్రాణం లాంటిది ఒక్కటే: మందు గాఢత తగ్గే వేగం ఆ క్షణాన ఉన్న గాఢతకు అనుపాతంలో ఉండటం. డీసీ బై డీటీ ఈక్వల్ టు మైనస్ కే సి. వేరు చేసి ఇంటిగ్రేట్ చేస్తే సి ఈక్వల్ టు సి నాట్ ఇంటూ ఈ పవర్ మైనస్ కేటీ. సి నాట్ అంటే మొదట ఉన్న గాఢత. హాఫ్ లైఫ్ 0.693 బై కే. సి నాట్ లీటరుకు 20 మిల్లీగ్రాములు, కే గంటకు 0.1 అయితే హాఫ్ లైఫ్ 6.93 గంటలు, పది గంటల తర్వాత మిగిలేది సుమారు 7.36. కర్వ్ కింద మొత్తం వైశాల్యం సి నాట్ బై కే, అంటే 200. లాగ్ బేస్ 10 లో గ్రాఫ్ గీస్తే వాలు మైనస్ కే కాదు, మైనస్ కే బై 2.303. ఈ 2.303 ఎక్కడ వేయాలో తెలియక తికమకపడే వాళ్లంతా బేస్ ఈ, బేస్ 10 అనే రెండు లాగ్‌లను కలిపేస్తున్నవాళ్లే. వచ్చే సంవత్సరాల్లో ఫార్మకోకైనెటిక్స్‌లో ఇదే మళ్లీ ఎదురవుతుంది కాబట్టి దీన్ని చూడకుండా రాసేదాకా వదలొద్దు.

స్థిరాంకం ఎప్పుడు వేయాలన్నది ఇంకో చిక్కు. డీవై బై డీఎక్స్ ఈక్వల్ టు వై కి లాగ్ వై ఈక్వల్ టు ఎక్స్ ప్లస్ సి. దీన్నుంచి వచ్చేది ఏ ఇంటూ ఈ పవర్ ఎక్స్, అంతేగానీ ఈ పవర్ ఎక్స్‌కు పక్కన విడిగా సి కలిపింది కాదు. ఇంటిగ్రేట్ చేసిన లైన్‌లోనే సి పెట్టాలి, చివర్లో గుర్తొచ్చి తగిలిస్తే లెక్క చెడుతుంది. లీనియర్ ఈక్వేషన్‌లో (డీవై బై డీఎక్స్ ప్లస్ పి ఇంటూ వై ఈక్వల్ టు క్యూ) డీవై బై డీఎక్స్ ముందు ఏమీ లేకుండా చేసుకున్నాకే పి ని గుర్తించండి. పి 2 బై ఎక్స్ అయితే ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ ఈ పవర్ 2 లాగ్ ఎక్స్, అంటే ఎక్స్ స్క్వేర్. 2 ఎక్స్ అని రాస్తే మళ్లీ మొదటి రెండు రోజుల పాఠానికి వెళ్లాలి. ఎగ్జాక్ట్, హోమోజీనియస్ రకాల్లో ఒక్కోటి మూడేసి లెక్కలు చాలు.

లాప్లాస్ పేరు చూసి భయపడతారు గానీ, అది పట్టిక చూసి చేసే పని. ఒకటికి 1 బై ఎస్, ఈ పవర్ ఏటీ కి 1 బై ఎస్ మైనస్ ఏ, డెరివేటివ్‌కు ఎస్ ఇంటూ వై లాప్లాస్, మైనస్ వై మొదటి విలువ. పై మందు సమీకరణానికే వేసి చూడండి: సి నాట్ బై ఎస్ ప్లస్ కే వస్తుంది, వెనక్కి తిప్పితే అదే సి నాట్ ఇంటూ ఈ పవర్ మైనస్ కేటీ. రెండు రోజులు చాలు, ఎందుకంటే ఇన్వర్స్ లెక్కల్లో సగం పని మీరు ముందే నేర్చుకున్న పార్షియల్ ఫ్రాక్షన్సే.

మాట్రిసెస్, సరళరేఖలకు కాలిక్యులస్ అక్కర్లేదు. బుర్ర అలసిపోయిన చివరి ఇరవై నిమిషాల్లో రోజుకో డిటర్మినెంట్, ఇన్వర్స్ లేదా క్రామర్ లెక్క పెట్టుకోండి. అవి చవగ్గా వచ్చే మార్కులు.

వీడియోల విషయంలో ఒకటే నియమం: చూసిన సమయానికి రెట్టింపు పెన్ను పట్టుకుని కూర్చోవాలి. సాల్వ్ చేసిన లెక్క చదివాక మూసేసి రాయండి. ఆగిపోతే ఒక్క లైను మాత్రమే తెరిచి చూసి మళ్లీ మూయండి. అలా చూడాల్సి వచ్చిన లెక్కకు గుర్తు పెట్టి మర్నాడు మొదట అదే చేయండి.

కౌన్సిల్ పద్ధతిలో చివరి పరీక్ష 35 మార్కులకు, గంటన్నర. ఇంటర్నల్స్ 15 కలిపి 50 లో 25 తెచ్చుకుంటే పాస్. మీ యూనివర్సిటీ పేపర్ మోడల్ పాత పేపర్లలో ఒకసారి చూసుకోండి. మూడో వారంలో కనీసం రెండు పాత పేపర్లు గడియారం పెట్టుకుని రాయండి. పరీక్షలో ముందు మాట్రిసెస్, డిఫరెన్షియేషన్, మందు గాఢత తగ్గే ఫస్ట్ ఆర్డర్ లెక్క ముగించండి. ఇంటిగ్రేషన్‌లో ఐదు నిమిషాలకు దారి కనబడకపోతే, అనుకున్న సబ్‌స్టిట్యూషన్, దాని డెరివేటివ్ రాసి, కింద జాగా వదిలి పక్క ప్రశ్నకు వెళ్లండి. రాసిన స్టెప్పులకు మార్కులుంటాయి, ఖాళీ పేజీకి ఉండవు.