కాల్షియం మాత్ర సంగతి తర్వాత, ముందు విరిగిన ఆ మణికట్టు గురించి

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. మా అత్తగారికి 61 ఏళ్లు. మోకాళ్లు, నడుము నొప్పులని రెండేళ్లుగా రోజూ కాల్షియం మాత్ర వేసుకుంటున్నారు. ఏడాదిన్నర క్రితం పరీక్షలో విటమిన్ డి 14 ఉందని వారానికొక డి3 పొడి ప్యాకెట్ (60,000 యూనిట్లు) రాశారు. అప్పటి నుంచి ఆపకుండా పాలల్లో కలిపి తాగుతున్నారు. థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర కూడా ఉన్నాయి. అన్నీ పొద్దున్నే పరగడుపున ఒకేసారి వేసేసుకుంటారు. నొప్పులు తగ్గలేదు. ఈమధ్య ఆకలి లేదంటున్నారు, మలబద్ధకం కూడా ఉంది. కాల్షియంతో కిడ్నీలో రాళ్లు వస్తాయని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. ఆపేయమంటారా? ఆమెకు 36 ఏళ్లప్పుడే గర్భసంచి తీసేశారు. నిరుడు పెరట్లో కాలు జారి పడితే మణికట్టు విరిగింది, కట్టు కట్టారు, అతుక్కుంది. నాకు 34. నెలసరిలో రక్తస్రావం ఎక్కువని నన్నూ గర్భసంచి తీయించుకోమంటున్నారు. నేను కూడా ఇప్పటి నుంచే కాల్షియం మొదలుపెట్టాలా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు అడిగింది కాల్షియం మాత్ర గురించి. కానీ మాటవరసకు రాసిన రెండు సంగతులు, 36 ఏళ్లకే గర్భసంచి తీసేయడం, కాలు జారి పడినంత మాత్రాన మణికట్టు విరగడం, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించాయి. వాటి దగ్గరికి వస్తాను. అంతకంటే ముందు ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది.

ఆ డి3 ప్యాకెట్ ఇవాళే ఆపేయండి. విటమిన్ డి 14 ఉన్నప్పుడు వారానికొకటి చొప్పున 60,000 యూనిట్లు ఇవ్వడం సరైన వైద్యమే. కానీ అది మామూలుగా ఎనిమిది వారాల కోర్సు. ఆ తర్వాత నెలకొకటో, రోజుకు కొద్ది మోతాదో రాస్తాం. ఎనిమిది ప్యాకెట్లంటే 4 లక్షల 80 వేల యూనిట్లు. మీ అత్తగారు ఏడాదిన్నరలో 78 వారాలు తాగారనుకుంటే 46 లక్షల 80 వేలు. చీటీలో ఎప్పటిదాకా వాడాలో రాయకపోవడం, మందుల షాపులో పాత చీటీ చూసి ఇస్తూనే ఉండటం, ఇంట్లోవాళ్లు విటమినే కదా అనుకోవడం... ఇది నేను తరచూ చూసే కథే, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. బి, సి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. డి అలా పోదు, కొవ్వులో చేరి నెలల తరబడి నిలవ ఉంటుంది. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. ఆకలి చచ్చిపోతుంది, వికారంగా ఉంటుంది, మలబద్ధకం, విపరీతమైన దాహం వస్తాయి. రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రానికి లేస్తారు. ముదిరితే మగత, కిడ్నీలు దెబ్బతినడం.

వారానికొకటి చాలాకాలం వాడినవారందరికీ ఇలా అవుతుందని కాదు. ఆకలి లేకపోవడానికి, మలబద్ధకానికి వేరే కారణాలూ ఉండొచ్చు. కాల్షియం మాత్ర వల్ల కూడా కొందరికి మలబద్ధకం వస్తుంది. కానీ ఊహించుకుంటూ కూర్చునే విషయం కాదిది. రక్తంలో కాల్షియం, ఆల్బుమిన్, క్రియాటినిన్, విటమిన్ డి, ఈ నాలుగు పరీక్షలూ ఒకట్రెండు రోజుల్లో చేయించండి. ఫలితం వచ్చేదాకా కాల్షియం మాత్ర కూడా ఆపండి. థైరాయిడ్ మాత్ర మాత్రం ఆపొద్దు. వాంతులు, మగత, మాటలో తడబాటు ఉంటే పరీక్షల కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి. మన దగ్గర దొరికే కొన్ని కాల్షియం మాత్రల్లో 'కాల్సిట్రయాల్' అని రాసి ఉంటుంది. అది విటమిన్ డికి నేరుగా పనిచేసే రూపం. ప్యాకెట్లకు తోడు అదీ ఉంటే డాక్టరుకు తప్పకుండా తెలియాలి.

ఎక్కువ వేస్తే ఎక్కువ బలం అనుకునేవారి కోసం ఒక్క మాట. 2010లో ఆస్ట్రేలియాలో ఒక అధ్యయనం వచ్చింది. 70 దాటిన 2,256 మంది మహిళల్లో దాదాపు సగం మందికి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. వాళ్లు మిగతావారికంటే ఎక్కువగా పడ్డారు, ఎముకలూ ఎక్కువగానే విరిగాయి. మన ఊళ్లలో 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు. అడగకుండా వేయించుకోవద్దు.

ఇక నొప్పుల విషయం. ఎముకలు గుల్లబారడానికి, అంటే ఆస్టియోపోరోసిస్‌కు, ఎముక విరిగేదాకా నొప్పే ఉండదు. అందుకే అది ఎవరికీ పట్టదు. మీ అత్తగారి వయసులో మోకాళ్ల నొప్పికి ఎక్కువగా కారణం కీళ్లలో మృదులాస్థి అరగడం. దానిమీద కాల్షియం పనిచేయదు. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం, బరువు తగ్గడం పనిచేస్తాయి. విటమిన్ డి బాగా తక్కువగా ఉన్నవారిలో ఒళ్లంతా ఎముకల నొప్పులు, కింద కూర్చుంటే లేవలేకపోవడం ఉంటాయి. అవి డితో తగ్గుతాయి. మీ అత్తగారికి ఇంత వాడినా నొప్పి తగ్గలేదంటే ఆ నొప్పికి కారణం వేరే ఉందని అర్థం.

మీది కనిగిరి ప్రాంతం కాబట్టి ఇంకొకటి చెప్పాలి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు సోకే ఫ్లోరోసిస్ గురించి 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వైద్యులు రాశారు. కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోదే. తాగేది బోరు నీళ్లయితే ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి. వేరే నీళ్లు దొరకనప్పుడు కూడా ఒకటిన్నర దాటకూడదు. ఫ్లోరోసిస్ ఉన్నవారికి నడుము బిగుసుకుపోయి నొప్పి చేస్తుంది. ఎక్స్‌రేలో ఎముక చిక్కగా, గట్టిగా కనిపిస్తుంది కానీ లోపల పెళుసుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ మణికట్టు. యాభై దాటిన మనిషి నిలబడి ఉన్నచోటే పడి మణికట్టు, తుంటి, వెన్నుపూస విరిగితే, అతికిందిలే అని వదిలేయకూడదు. ఎముక గుల్లబారిందేమోనని అనుమానించి తీరాలి. మణికట్టు తర్వాత విరిగేది వెన్నుపూసో తుంటో కావొచ్చు. తుంటి విరిగితే ఆపరేషన్, నెలల తరబడి మంచం, కొందరిలో ప్రాణాపాయం కూడా. మీ అత్తగారి ఎత్తు వయసులో ఉన్నప్పటికంటే తగ్గిందేమో, వీపు వంగిందేమో చూడండి. తెలియకుండానే వెన్నుపూస నలిగిపోయి ఉండొచ్చు.

ఆమెకు ఎముక ఎంత చిక్కగా ఉందో కొలిచే డెక్సా స్కాన్ చేయించాలి. గుంటూరు, విజయవాడ లాంటి నగరాల్లో ఉంటుంది. నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల పని. అందులో టీ స్కోరు మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్. క్యాంపుల్లో మడమకు పెట్టి చూసే చిన్న మెషీన్‌తో ఇది తేల్చలేం. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో డెక్సా అంకె బాగా వచ్చినా నమ్మడానికి లేదని, విరిగిన చరిత్రే ముఖ్యమని చూసే డాక్టరుకు గుర్తుచేయండి.

ఒకవేళ ఎముకలు గుల్లబారాయని తేలితే కాల్షియం, డి మాత్రమే చాలవు. ఎముక కరగడాన్ని ఆపే మందులు వేరే ఉన్నాయి. వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికొకసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ అలాంటివే. కిడ్నీల పనితీరు చూసి, రక్తంలో కాల్షియం సరిగ్గా ఉందని తేలాకే మొదలుపెడతారు. దంతాలు పీకించుకోవాల్సి ఉంటే ముందే చెప్పాలి. గోడ కట్టేటప్పుడు కాల్షియం ఇటుక లాంటిది. ఎన్ని ఇటుకలు తెచ్చి వాకిట్లో పోసినా, ఒకపక్క గోడ కూలుతుంటే ఆ కూలడాన్ని ఆపాలి కదా.

ఆ కూలడం ఎప్పుడు మొదలైంది? బహుశా 36 ఏళ్లకే. ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారేమో పాత డిశ్చార్జి కాగితంలో వెతకండి. తీసేసి ఉంటే, ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఆ రోజే ఆగిపోయింది. మామూలుగా నలభై అయిదు, యాభై మధ్య నెలసరి ఆగిన తర్వాత మొదటి అయిదారేళ్లలో ఎముక వేగంగా తరిగిపోతుంది. ఆమెకు ఆ తరుగుదల పదేళ్లకు పైగా ముందే మొదలైనట్టు. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి త్వరగా ఉడిగిపోతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. తెల్లబట్ట అనీ, నడుము నొప్పి అనీ, ఉంచితే క్యాన్సర్ వస్తుందనీ ముప్ఫైల్లోనే తీసేసిన ఎంతోమంది ఇప్పుడు అరవైల్లోకి వచ్చారు. వాళ్ల చేతుల్లో కాల్షియం అట్ట ఉంది కానీ, ఎముక సంగతి ఏమైందని అడిగినవాళ్లు లేరు.

రక్తపరీక్షల ఫలితాలు బాగానే ఉండి, డాక్టరు మళ్లీ కాల్షియం వాడమంటే ఎలా వాడాలో చెబుతాను. మీ అత్తగారు ఇప్పుడు వాడుతున్న పద్ధతిలో మాత్రం అది ఒంటికి పట్టదు, థైరాయిడ్ మాత్రనూ పట్టనివ్వదు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకున్నాక నాలుగు గంటలు గడిచాకే కాల్షియం. ఎక్కువగా దొరికేది కాల్షియం కార్బొనేట్. అది కరగాలంటే కడుపులో యాసిడ్ కావాలి, అందుకే భోజనంతో వేసుకోవాలి. రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవారికి యాసిడ్ తక్కువ కాబట్టి కాల్షియం సిట్రేట్ మేలు. అసలు ఆ గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని కూడా అడగండి, ఏళ్ల తరబడి వాడితే ఎముకకు మంచిది కాదు. అట్ట మీద '1250' అని చూసి కంగారు పడొద్దు. అది కార్బొనేట్ బరువు, అందులో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే. ఒకేసారి 500 మించి ఒంటికి సరిగా పట్టదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నెలసరి ఆగినవారికి 1,200. మొత్తం మాత్రతోనే రావాలనేం లేదు. రెండు గ్లాసుల పాలు లేదా పెరుగులో సుమారు 450 నుంచి 500 ఉంటుంది. నీళ్లే ఎక్కువగా ఉండే పల్చటి మజ్జిగను ఈ లెక్కలో వేయకండి. 50 గ్రాముల రాగిపిండితో సంకటో అంబలో చేస్తే 170, 180 దాకా వస్తుంది. నువ్వుల పొడి, మునగాకు, తోటకూర, ముల్లుతో తినే చిన్న చేపలు మంచివే. పాలకూరలో కాల్షియం ఉన్నా, ఆ ఆకులోనే ఉండే ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని ఒంటికి పట్టకుండా పట్టి ఉంచేస్తుంది. ఇవన్నీ తినే మనిషికి మాత్రతో పూడ్చాల్సిన లోటు 250 నుంచి 500 వరకే ఉంటుంది.

రాళ్ల భయం గురించి. తిండిలోని కాల్షియం రాళ్లను తెచ్చిపెట్టదు. రాళ్లకు మూలమయ్యే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టుకుని బయటికి పంపుతుంది కాబట్టి నిజానికి మేలే చేస్తుంది. రాళ్లున్నాయని పాలు, పెరుగు మానేయడం తప్పు. మాత్రలతో మాత్రం ముప్పు కొద్దిగా పెరుగుతుంది. అందుకే లోటు ఉన్నంతే, భోజనంతోనే వేసుకోమంటాం.

ఎండ సంగతి కూడా చాలామంది పొరపాటు పడతారు. పొద్దున్న ఏడింటి లేత ఎండలో విటమిన్ డి దాదాపు తయారవదు. మన నీడ మన ఎత్తుకంటే పొట్టిగా ఉన్న సమయం చూసుకోవాలి. వేసవిలో మీ వైపు తొమ్మిదిన్నరకే ఆ సమయం వచ్చేస్తుంది, వడదెబ్బ తగలకముందే లోపలికి వచ్చేయొచ్చు. డిసెంబరులో అయితే పదకొండు నుంచి ఒంటిగంటన్నర మధ్య. చేతులకు, కాళ్లకు ఎండ తగిలేలా ఓ అరగంట చాలు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఉపయోగం లేదు.

ఆరోగ్యంగా ఉన్న ప్రతివారూ ఈ మాత్రలు వేసుకోవాలా అని చాలామంది రాస్తుంటారు. 1992లో ఫ్రాన్స్‌లో వృద్ధాశ్రమాల్లో ఉంటున్న, సగటున 84 ఏళ్ల మహిళలకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల డి రోజూ ఇస్తే తుంటి విరగడం బాగా తగ్గింది. వాళ్లు ఎండ ఎరగనివారు, డి తక్కువగా ఉన్నవారు. 2022లో అమెరికాలో 25,871 మందితో చేసిన అధ్యయనంలో రోజూ 2,000 యూనిట్ల డి వేసుకున్నవారికీ, వేసుకోనివారికీ ఎముకలు విరగడంలో తేడా కనిపించలేదు. వాళ్లను లోటు చూసి ఎంచుకోలేదు మరి. లోటున్నవారికి ఇస్తేనే ఫలితం.

ఇక మీ సంగతి. 34 ఏళ్లకు మీకు కాల్షియం మాత్రతో పనిలేదు, పైన చెప్పిన తిండి చాలు. మీకు కావాల్సింది వేరే. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, పొత్తికడుపు స్కాన్ ముందు చేయించండి. రక్తస్రావం తగ్గించడానికి నెలసరి రోజుల్లో వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలున్నాయి, హార్మోన్ మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఇవన్నీ చూశాక కూడా తీయక తప్పదని ఇంకో గైనకాలజిస్టు కూడా అంటే అప్పుడు ఆలోచించండి. సంతకం పెట్టేముందు 'అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా, తీస్తే ఎందుకు' అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. రెండు అండాశయాలూ తీయాల్సి వస్తే, వేరే అభ్యంతరాలు లేనప్పుడు, యాభై ఏళ్ల దాకా హార్మోన్ చికిత్స ఇస్తారు. దాని బదులు కాల్షియం ఇచ్చి పంపిస్తే ఒప్పుకోవద్దు.

హిమోగ్లోబిన్ తక్కువ వస్తే ఐరన్ మాత్ర రాస్తారు. దాన్ని పాలతోనో టీతోనో వేసుకోకండి. అత్తగారి డి3 ప్యాకెట్లు ఇంట్లో మిగిలి ఉంటాయి, వృథా అవుతాయని మీరు తాగకండి.