పానా పట్టే ముందు పాలసీ కట్టండి

ప్రశ్న: మాది గాజువాక. వయసు 31. పరవాడలో ఓ కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. నెలకు 28,000 చేతికొస్తుంది. ఇంట్లో అమ్మ, భార్య, మూడేళ్ల పాప. 2020 నవంబరులో 160 సీసీ బైక్ కొన్నాను. ఎండలు ముదిరేలోపు దానికి పెద్ద సర్వీసు చేయాలి. చైన్ సెట్, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, ఫోర్క్ సీళ్లు, వెనక టైరు మార్చాలి. మెకానిక్ మొత్తం 16,500 చెప్పాడు. అందులో లేబర్ 3,500. వీడియోలు చూసి ఇంట్లోనే చేసుకుందామని ఉంది. సామాన్లకు 13,000, టూల్ కిట్, స్టాండుకు 11,000, అంటే 24,000 కావాలి. బ్యాంకులో 6,000 ఉన్నాయి కానీ వాటిని కదపదలచుకోలేదు. ఓ లోన్ యాప్ నెలకు 3 శాతం వడ్డీతో ఆరు నెలలకు ఇస్తానంటోంది. ప్రాసెసింగ్ ఫీజు 5 శాతం. అది తీసుకోవాలా? నెలకు 5,000 కడుతున్న చీటీ పాడాలా? భార్య గొలుసు బ్యాంకులో పెట్టాలా? బండి ఇన్సూరెన్స్ నవంబరులో అయిపోయింది. ఈ ఖర్చులన్నీ తీరాక కడతాను. మే చివర్లో అరకు వెళ్లాలనుకుంటున్నాం.

జవాబు: మీరు అడిగింది అప్పు గురించి. నాకు నిద్ర పట్టకుండా చేసే మాట మాత్రం చివర్లో ఉంది. నవంబరు నుంచి బీమా లేని బండి మీద మీరు రోజూ గాజువాక నుంచి పరవాడకు వెళ్లొస్తున్నారు. లారీలు, ట్యాంకర్లు, కంపెనీ బస్సులు, రోడ్డు దాటే కార్మికులు ఉండే దారి అది. అప్పు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది చదవడం ఆపి, ఫోన్లోనే థర్డ్ పార్టీ పాలసీ, అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి వర్తించే బీమా, కట్టండి.

మీ ఉత్తరాన్నే తీసుకోవడానికి కారణం ఉంది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్ కొంటే ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టడం తప్పనిసరి అయింది. షోరూమ్ బిల్లులోనే కలిసిపోయింది కాబట్టి ఐదేళ్లపాటు ఎవరికీ దాని గుర్తే లేదు. ఏటా రెన్యువల్ చేసే అలవాటు పోయింది. ఆ ఐదేళ్లు నిండిన బండ్లు ఇప్పుడు మన వీధుల్లో చాలానే ఉన్నాయి. వాటి ఓనర్లలో చాలామందికి ఆ విషయమే తెలియదు. మీకు తెలుసు, అయినా వాయిదా వేశారు. నన్నడిగితే ఇది మరీ ప్రమాదం.

ఇందులో ఎంత డబ్బు ఉందో లెక్క వేసి చూపిస్తాను. రోడ్డు దాటుతున్న 33 ఏళ్ల తాపీమేస్త్రీని మీ బండి గుద్దిందనుకుందాం. తప్పు మీదే, ఆయన చనిపోయాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన మీదే ఆధారపడ్డారు. నెల సంపాదన 15,000. ఇలాంటి కేసుల్లో పరిహారం ఎలా కట్టాలో సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల్లో స్పష్టంగా చెప్పింది. సొంతంగా పని చేసుకునేవాడు, నలభై లోపు వయసు కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. అప్పుడు నెలకు 21,000, ఏడాదికి 2,52,000. ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకు వాడే గుణకం 16. మొత్తం 30,24,000. అంత్యక్రియల ఖర్చు లాంటివి దీనికి అదనం.

పాలసీ ఉంటే ఈ డబ్బు బీమా కంపెనీ కడుతుంది. మనిషి ప్రాణానికి, గాయాలకు థర్డ్ పార్టీ బీమాలో గరిష్ఠ పరిమితి లేదు. పాలసీ లేకపోతే బండి ఓనర్‌గా మీరు కట్టాలి. కట్టకపోతే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఇచ్చే సర్టిఫికెట్‌తో కలెక్టర్ భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేసే వీలు చట్టంలోనే ఉంది. మీ తమ్ముడో, పక్కింటి కుర్రాడో బండి తీసుకెళ్లి గుద్దినా ఓనర్ మీరే. 28,000 జీతంలో ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా దాచినా 30 లక్షలకు తొమ్మిదేళ్లు పడుతుంది. అవతల ఆ మేస్త్రీ పిల్లలు తొమ్మిదేళ్లు ఆగలేరు కదా! ఈ బీమాను నేను పోలీసు చలానా తప్పించుకునే కాగితంగా చూడను. చలానా మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000, జైలు శిక్షకూ వీలుంది. అయినా 30 లక్షల ముందు అది లెక్కలోకి రాదు.

ఇంత పెద్ద రిస్కు తీర్చడానికి అయ్యే ఖర్చు చూడండి. 150 దాటి 350 సీసీ లోపు బండికి 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 1,366. జీఎస్టీ కలిపితే 1,612. మీరు కొనాలనుకుంటున్న స్టాండు, టూల్ కిట్ ఖర్చులో ఆరో వంతు కూడా కాదు. దాంతో పాటు ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది, దాన్ని వదలొద్దు. ప్రీమియం కొన్ని వందలే. సంపాదించేది మీరొక్కరే. థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివాళ్ల కుటుంబాన్ని కాపాడుతుంది, ఈ 15 లక్షలు మీ పాపకు. డ్రైవింగ్ లైసెన్స్ గడువులో ఉందో లేదో కూడా చూసుకోండి, అది లేకుండా ఈ క్లెయిమ్ రాదు.

డబ్బు ఎక్కడినుంచి అంటారా? మీరు కదపనన్న ఆ 6,000 నుంచే. చీటీ పోగా మీ ఇంటి ఖర్చు 23,000 అనుకుంటే, ఆ 6,000 వారం రోజులకు వస్తుంది. దాన్ని ఎమర్జెన్సీ ఫండ్ అనుకుని పట్టుకు కూర్చోవడంలో అర్థం లేదు. అందులో 2,000 తీసి 30 లక్షల ప్రమాదం తప్పించుకోవడం కంటే దానికి మంచి ఉపయోగం ఏముంటుంది?

పాలసీ వచ్చాక దాని మీద ఏ తేదీ, ఏ గంట నుంచి అమలు అని రాసుందో చూడండి. గడువు దాటాక తీసుకునే పాలసీలు కొన్ని వెంటనే మొదలుకావు. ఆ గంట వచ్చేదాకా బస్సులో వెళ్లండి.

ఇంట్లో సర్వీసు చేసుకోవాలనే మీ ఆలోచన ఈ విషయాన్ని ఇంకా తీవ్రం చేస్తోంది. బ్రేకులు విప్పి బిగించాక ఎవరైనా చేసే మొదటి పని వీధిలో ఓ రౌండ్ వేసి చూడడం. కొత్త ప్యాడ్లు వేశాక లివర్‌ను చాలాసార్లు నొక్కి పిస్టన్‌ను ముందుకు తేవాలి. లేకపోతే మొదటిసారి బ్రేకు నొక్కినప్పుడు లివర్ హ్యాండిల్ దాకా వెళ్లిపోతుంది, బండి ఆగదు. నొక్కినా సరే, కొత్త ప్యాడ్లు డిస్కుకు పట్టేదాకా కొంత దూరం బ్రేకు పూర్తిగా అందుకోదు. కొత్తగా నేర్చుకుంటున్న చేతితో, బీమా లేని బండి మీద, పిల్లలు ఆడుకునే వీధిలో ఆ మొదటి రౌండ్ వేస్తానంటే నేను ఒప్పుకోను.

ఇక అప్పు. యాప్ చూపించే 3 శాతం నమ్మకండి. 24,000 అప్పు తీసుకుంటే ఫీజు 1,200, దాని మీద జీఎస్టీ 216 ముందే కోసుకుని మీ చేతికి 22,584 ఇస్తారు. నెలకు 4,430 చొప్పున ఆరు నెలలు కట్టాలి. మొత్తం 26,582. అంటే వడ్డీ, ఫీజు కలిపి 3,998 పోయింది. చేతికొచ్చిన డబ్బు మీద లెక్కేస్తే ఇది ఏడాదికి 58 శాతం దాకా తేలుతుంది. అప్పు ఇచ్చే ముందు అన్ని ఛార్జీలూ కలిపిన వార్షిక రేటును రాతపూర్వకంగా చూపించాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఆ కాగితం అడిగి చదవండి.

ఇప్పుడు మెకానిక్ లేబర్ గుర్తు చేసుకోండి, 3,500. ఆ 3,500 మిగుల్చుకోవడానికి 3,998 అప్పు ఖర్చు, పైగా 11,000 టూల్స్! టూల్స్ జన్మంతా ఉంటాయంటారు. నిజమే, కానీ జన్మంతా ఉండేవి ఈ నెలలోనే కొనాలని ఎక్కడా లేదు. బండి సర్వీసు ఏటా వచ్చే ఖర్చు, టైరు అరుగుతుందని కొన్న రోజే తెలుసు. తెలిసిన ఖర్చుకు అప్పు చేయడం చూస్తే నాకు కోపం వస్తుంది. రేపు పాపకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అప్పుడెక్కడికి వెళ్తారు? ఇంకో యాప్ దగ్గరికే.

చీటీ జోలికి వెళ్లకండి, మధ్యలో పాడితే తగ్గింపు రూపంలో పోయేది ఎక్కువ. గొలుసు తాకట్టు వడ్డీ యాప్ కంటే చవకే, అయినా ఇంజన్ ఆయిల్ కోసం బంగారం బ్యాంకులో పెట్టకూడదు.

మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. నెలకు 4,430 ఆరు నెలలు కట్టగలనని లెక్కేసుకున్నాకే కదా ఆ అప్పు గురించి ఆలోచించారు. ఆ వాయిదాను యాప్‌కు కాకుండా మీకే కట్టుకోండి. మూడు జీతాల్లో 13,290 అవుతుంది. సామాన్ల ఖర్చు మొత్తం తీరిపోయింది. మిగిలిన మూడు నెలల 13,290 ఎమర్జెన్సీ ఫండ్‌కు వేయండి. అప్పుడా ఖాతా ఇప్పటిలా వారానికి కాక దాదాపు మూడు వారాలకు సరిపోతుంది. ఆ తర్వాత కూడా ఆపకండి, కనీసం మూడు నెలల ఖర్చు చేరేదాకా వేస్తూనే ఉండండి. బండి కోసం వేరే రికరింగ్ డిపాజిట్ నెలకు వెయ్యి చొప్పున పెట్టుకుంటే వచ్చే ఏడాది ఈ ప్రశ్నే రాదు.

పనులన్నీ ఒకేసారి కాకుండా అవసరాన్ని బట్టి విడదీయండి. మొదటి జీతంతో బ్రేకులు. ప్యాడ్లతో పాటు బ్రేక్ ఆయిల్ కూడా. మీ జాబితాలో అది లేదు, అది పెద్ద లోటు. ఆ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. మన సముద్రపు గాలిలో దీన్ని అస్సలు వాయిదా వేయకూడదు. తేమ చేరిన ఆయిల్ వేడెక్కితే లోపల ఆవిరి బుడగలు వచ్చి బ్రేకు మెత్తబడుతుంది. అరకు నుంచి ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు వెనక భార్య, మధ్యలో పాప ఉండగా అది జరగకూడదు. ఈ పని మాత్రం మెకానిక్‌తోనే చేయించండి. మీ బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటుంది కాబట్టి లైన్లో గాలి తీయడం మొదటిసారి చేసేవాళ్ల పని కాదు.

రెండో జీతంతో చైన్ సెట్. మూడో జీతంతో, అరకు వెళ్లే ముందే, వెనక టైరు. టైరు ఎలాగూ షాపులోనే ఎక్కించాలి. ఫోర్క్ సీళ్లు కారుతున్నాయా లేదా చూడండి. కారుతుంటే ఆ ఆయిల్ ముందు డిస్కు మీద పడుతుంది, కాబట్టి బ్రేకులతో పాటే చేయించాలి. కారకపోతే తర్వాత చూడొచ్చు. క్లచ్ జారకపోతే ప్లేట్ల జోలికి వెళ్లకండి, ముందు కేబుల్ సర్ది చూడండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

ఇంట్లో ఏం చేయాలి? ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, చైన్ శుభ్రం చేసి లూబ్ వేయడం. వీటికి ఒక సాకెట్ సెట్, అలెన్ కీలు, బ్రష్షు, పాత ఆయిల్ పట్టడానికి ఓ తొట్టి చాలు. పని నేర్చుకోవాలనే మీ ఉత్సాహం నాకు నచ్చింది. ముందు ఇవి చేతికి రానివ్వండి. ఉప్పు గాలికి చైన్, బోల్టులు, వైర్ల కనెక్టర్లు తుప్పు పట్టే ఊరు మనది. నెలకోసారి మీరే తుడిచి చూసుకుంటే మెకానిక్ పట్టించుకోనివి కూడా కంటపడతాయి. యాక్సిల్ నట్టు, కాలిపర్ బోల్టులు మాత్రం టార్క్ రెంచ్ (ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానా) కొనేదాకా ముట్టుకోవద్దు. పాత ఆయిల్ కాలువలో పోయకుండా మెకానిక్‌కు ఇచ్చేయండి.

ఓన్ డ్యామేజీ బీమా, అంటే మీ బండికే నష్టం జరిగితే డబ్బిచ్చే బీమా గురించి ఒక్క మాట. మీ పాలసీలో అది మొదటి ఏడాదికే ఉండి ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ తుపానులో చెట్టు పడినా, బండి దొంగలెత్తుకెళ్లినా రూపాయి ఇవ్వదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరికి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. థర్డ్ పార్టీ అమల్లో ఉంటే ఓన్ డ్యామేజీ విడిగా తీసుకోవచ్చు. గడువు దాటింది కాబట్టి బండిని తనిఖీ చేస్తారు, లేదా ఫొటోలు అడుగుతారు. వానాకాలం లోపు తీసుకోండి.

మీరు రాయని విషయం ఇంకొకటి ఉంది, ఆరోగ్య బీమా. ఈఎస్‌ఐకి జీతం పరిమితి 21,000, మీరు దాన్ని దాటారు. కంపెనీ గ్రూపు పాలసీ ఇస్తోందా, అందులో అమ్మ పేరు ఉందా అని ఈ వారమే హెచ్ఆర్‌ను అడగండి. లేకపోతే దాని మీద మళ్లీ రాయండి, వివరంగా చెబుతాను.

బండి పాలసీ కట్టిన కొన్ని రోజులకు ప్రభుత్వ రవాణా శాఖ ఎం-పరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొట్టి బీమా తేదీ మారిందో లేదో చూడండి. మారకపోతే పాలసీలో రిజిస్ట్రేషన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిపోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా కంపెనీకి ఫోన్ చేసి వెంటనే సరిచేయించుకోండి.