యూపీఐ ఉండగా ఫోన్‌లో ఓటెందుకు లేదు?

ప్రశ్న: లక్షల రూపాయలు ఫోన్‌లో పంపుతున్నాం, ఓటెందుకు వేయలేం? నేను డల్లాస్‌లో ఉంటాను. ఊళ్లో మా నాన్నగారికి 87 ఏళ్లు. ఆయనకు వాట్సాప్‌లో ‘ఈ-ఓటు’ అని ఒక ఏపీకే ఫైల్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేయమనమంటారా?

జవాబు: వద్దు, వెంటనే డిలీట్ చేయించండి. అసెంబ్లీకీ లోక్‌సభకూ ఫోన్‌లో ఓటు వేసే యాప్ లేదు. అది ఇన్‌స్టాల్ చేసి ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇచ్చారంటే ఓటీపీలన్నీ దొంగ చేతికి పోతాయి. ఎన్నికలొస్తే చాలు, నాకు ఇవే ఉత్తరాలు.

అసలు యూపీఐతో పోలికే తప్పు. డబ్బు ఎవరికి పంపారో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉండాలి. తేడా వస్తే అది చూపించే కదా గొడవ పడతాం! ఓటుకు ఆ ఆధారమే ఉండకూడదు. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ స్లిప్ కూడా 7 సెకన్లు అద్దంలోంచి కనిపించి డబ్బాలో పడిపోతుంది, చేతికివ్వరు.

అందరూ హ్యాకర్ల గురించి అడుగుతారు. నాకు పక్కన కూర్చునే మనిషితోనే టెన్షన్. పోలింగ్ ముందు రాత్రి కవర్లు పంచే సంగతి తెలియనిదెవరికి? కవరు తీసుకున్నా, బూత్‌లో ఆ అట్ట చాటున ఏ బటన్ నొక్కారో ఇచ్చినవాడికి తెలియదు. అదే ఓటు ఫోన్‌లోకి వస్తే, “ఏదీ, నా ముందే నొక్కు” అంటాడు. అప్పుడు ఓటును రహస్య కోడ్‌లోకి మార్చే ఎన్‌క్రిప్షన్ ఏం చేస్తుంది? బయటివాళ్ల దాకా ఎందుకు, పెద్దవాళ్ల ఫోన్ పిన్ ఇంటిల్లిపాదికీ తెలుసు. కొందరైతే ఫోన్ కవర్ వెనకే రాసి పెడతారు.

2021 అక్టోబరులో ఖమ్మంలో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం స్మార్ట్‌ఫోన్ ఓటింగ్‌కు డ్రై రన్, అంటే ఉత్తుత్తి పోలింగ్, చేసింది. ఓటరు రికార్డులోని ఫొటోతో ముఖం పోల్చి చూసే ఏర్పాటు పెట్టారు. ముఖం మీదేనని యాప్ చెప్తుంది, బాగానే ఉంది. ఫోన్ వెనక ఎవరు నిలబడ్డారో ఎలా చెప్తుంది? ఎస్తోనియాలో 2005 నుంచి ఇంటర్నెట్ ఓటు నడుస్తోంది. బలవంతానికి విరుగుడుగా అక్కడ ఓటు మళ్లీ వేసి మార్చుకోవచ్చు, చివరిదే లెక్క. మన దగ్గర ఆ ‘చివరిది’ అయ్యేదాకా ఫోన్ తమ దగ్గరే ఉంచుకునేవాళ్లకు కొదవా?

యాప్ తయారైతే సరిపోదు, చట్టం కూడా ఒప్పుకోవాలి. 1982లో కేరళలోని పరవూరులో 50 బూత్‌లలో ఈవీఎంలు పెట్టారు. చట్టంలో లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగ్ కొట్టేసి, అక్కడ రీపోలింగ్ చేయించింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 61ఎ సెక్షన్ 1989లో అమల్లోకి వచ్చాకే ఈవీఎంలకు దారి దొరికింది.

ఇక మీ సంగతి. భారత పౌరసత్వం వదులుకోకపోతే ఫారం 6ఎతో ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఓటు వేయడానికి మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి బూత్‌కు రావాల్సిందే. నాన్నగారికి 85 దాటాయి కాబట్టి ఫారం 12డి ఉంది. నోటిఫికేషన్ వచ్చాక ఐదు రోజుల్లోపు ఇస్తే, సిబ్బంది పేపర్ బ్యాలెట్ పట్టుకుని ఇంటికే వస్తారు. ఫారం కోసం మీ బూత్ స్థాయి అధికారిని (బీఎల్‌ఓ) అడగమనండి.